నెల పాల లెక్క 27,180 రూపాయలు ఎందుకైంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూసుకోవచ్చు. వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌ను మీరు నేర్చుకోవడం మొదలుపెట్టి పది రోజులైంది. వేరియబుల్స్, అంటే విలువలకు పేర్లు పెట్టుకునే పాఠం పూర్తయ్యాక ఇంటి పాల ఖాతా లెక్క కట్టే చిన్న ప్రోగ్రామ్ రాశారు. ఉదయం లీటరు, సాయంత్రం అర లీటరు, నెలకు ముప్పై రోజులు. లీటరు 60 రూపాయలు ఉండగా 16వ తేదీ నుంచి 4 రూపాయలు పెరిగింది. ఫోనులో టైపు చేసి, ల్యాప్‌టాప్‌కు పంపుకుని నడిపితే కన్సోల్ (బ్రౌజర్ జవాబులను, తప్పులను చూపే చోటు) నిండా ఎర్ర అక్షరాలు. ఒక తప్పు దిద్దితే ఇంకొకటి బయటపడింది. విసిగిపోయి ఉండగా మిత్రుడొకరు ‘లెట్, కాన్స్ట్ అన్నీ తీసేసి వార్ పెట్టు’ అన్నారు. ఈ మూడూ వేరియబుల్ పేరును ప్రకటించే పదాలే. అలాగే చేశారు. ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి కానీ పాల బిల్లు 27180 అని వచ్చింది. తప్పు ఎక్కడుంది, ఇన్ని తప్పులు చేసేవారికి ఈ విద్య అబ్బుతుందా అని అడిగారు.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది: అబ్బుతుంది. ఈ పని చేస్తూ పదిహేనేళ్లు దాటినా, మూయని బ్రాకెట్ కోసం నేను ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉంటాను. మొదటి ప్రశ్నకు మాత్రం తీరిగ్గా జవాబు చెప్పాలి. మీ ఎనిమిది వరుసల్లో, కొత్తవాళ్లు వేరియబుల్స్ దగ్గర చేసే తప్పులు దాదాపు అన్నీ ఉన్నాయి.

ఒక సర్దుబాటు. కోడ్‌ను ఇక్కడ తెలుగు లిపిలోనే చూపిస్తున్నాను. లెట్, కాన్స్ట్, వార్, విలువను కన్సోల్‌లో చూపించే కన్సోల్.లాగ్ లాంటి పదాలను మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే టైపు చేయాలి. వేరియబుల్ పేర్లు మీరు తెలుగులో పెట్టుకున్నారు. అది తప్పు కాదు. జావాస్క్రిప్ట్ పేర్లలో తెలుగు అక్షరాలను, గుణింతాలను, ఒత్తులను ఒప్పుకుంటుంది. దానిలోనూ ఒక చిక్కుంది, తర్వాత చెబుతాను.

మీరు మొదట రాసింది ఇది:

లెట్ ధర = “60”;
కాన్స్ట్ మొత్తం;
లెట్ 1వపూట = 1;
లెట్ 2వపూట = 0.5;
లెట్ నెల-లీటర్లు = 45;
లెట్ ధర = ధర + 4;
మొత్తం = ధర * నెల-లీటర్లు;
కన్సోల్.లాగ్(మొత్తం);

ముందుగా, తప్పులు ఒకేసారి కనిపించకుండా ఒకటి తర్వాత ఒకటి ఎందుకు వచ్చాయో చూడండి. ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా కుంగదీసింది అదే. బ్రౌజర్ మీ ఫైలును నడపడానికి ముందు మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదువుతుంది. వ్యాకరణం ఎక్కడ చెడితే అక్కడే ఆగిపోయి, ఆ ఒక్క తప్పే చెబుతుంది. మిగతా తప్పులను అది ఇంకా చూడలేదు. మీరు మొదటిది దిద్దగానే చదువు కొంచెం ముందుకు సాగి రెండోదాని దగ్గర ఆగుతుంది. కాబట్టి కొత్త తప్పు కనిపించిందంటే పాత తప్పు దిద్దుకున్నారని అర్థం. మీకది ఓటమిలా అనిపించింది. నిజానికి ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు.

వ్యాకరణం చెడిన ఫైలులో ఒక్క వరుస కూడా నడవదు. అన్నిటికంటే పైన కన్సోల్.లాగ్ పెట్టి ‘ఇక్కడిదాకా అయినా వస్తోందా’ అని చూసేవారు చాలామంది ఉన్నారు. రాదు. కన్సోల్‌లో సింటాక్స్ ఎర్రర్ అనే మాట కనిపిస్తే ప్రోగ్రామ్ అసలు మొదలే కాలేదని గుర్తు. రిఫరెన్స్ ఎర్రర్, టైప్ ఎర్రర్ అన్న మాటలు కనిపిస్తే ప్రోగ్రామ్ మొదలై, నడుస్తూ నడుస్తూ ఒకచోట కూలబడిందని. ఈ తేడా ఒక్కటి తెలిస్తే వెతకాల్సిన చోటు సగం తగ్గిపోతుంది.

ఇక మొదటి వరుస. దానిలో తప్పులు రెండు, రెండూ మీ ఫోను చేసినవే. వాక్యం మొదట్లో ఉందని ఫోను కీబోర్డు లెట్‌లోని మొదటి అక్షరాన్ని క్యాపిటల్ చేసేసింది. జావాస్క్రిప్ట్‌కు పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు. క్యాపిటల్ ఎల్‌తో ఉన్న లెట్ దానికి భాషలోని పదం కాదు, ఎవరో పెట్టుకున్న మామూలు పేరు. ఆ పేరు పక్కనే ధర అనే ఇంకో పేరు వచ్చింది. రెండు పేర్లు మధ్యలో ఏ గుర్తూ లేకుండా పక్కపక్కన రాకూడదు. అందుకే క్రోమ్ ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఐడెంటిఫైయర్’ (అనుకోని పేరు) అంటూ ధర వైపు వేలు చూపింది.

ఇక్కడ కాసేపు ఆగండి. బ్రౌజర్ వేలు చూపింది ధర వైపు. తప్పు మాత్రం దాని ముందున్న పదంలో ఉంది. ఇది ఎప్పుడూ ఇంతే. అది తాను తట్టుకుని పడిన చోటును చెబుతుంది, రాయి పెట్టిన వాళ్లెవరో దానికి తెలియదు. చూపిన చోట తప్పు కనబడకపోతే దానికి ఎడమ పక్క చూడండి. అక్కడా లేకపోతే పై వరుస చివర చూడండి. నా అనుభవంలో పది సార్లలో తొమ్మిది సార్లు అక్కడే దొరుకుతుంది. చూపిన వరుసనే అరగంటసేపు తదేకంగా చూస్తూ కూర్చోవడం మాత్రం అందరం చేసే పొరపాటు.

రెండో తప్పు కొటేషన్ గుర్తులు. ఫోనూ, వర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్లూ అందం కోసం కొటేషన్లను వంపు తిరిగినవిగా మార్చేస్తాయి. జావాస్క్రిప్ట్‌కు నిటారుగా ఉండే గుర్తులే కావాలి. వంపు గుర్తు దానికి ఏ భాషో తెలియని అక్షరం. క్రోమ్ ‘ఇన్వాలిడ్ ఆర్ అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్’ (చెల్లని లేదా అనుకోని గుర్తు) అని ఊరుకుంటుంది. ఆ మాట వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఇలాంటప్పుడు అదే ఫైలును ఫైర్‌ఫాక్స్‌లో తెరవండి. అది ఆ అక్షరం యూనికోడ్ నంబరుతో (కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఉండే గుర్తింపు నంబరు) సహా చెబుతుంది. తప్పు అర్థం కానప్పుడు ఇంకో బ్రౌజర్‌ను అడగడం నాకు బాగా కలిసొచ్చిన అలవాటు. రెండూ ఒకే తప్పును వేరువేరు మాటల్లో చెబుతాయి, ఒకదాని మాట కాకపోతే రెండోదాని మాట తలకెక్కుతుంది. అసలు మందు మాత్రం కోడ్‌ను ఫోను నోట్స్‌లో రాయకపోవడమే. వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్‌లో రాస్తే ఈ రెండు తప్పులూ పుట్టవు, పుట్టినా కింద ఎర్ర గీత గీసి ముందే చెబుతుంది.

అసలు 60కి కొటేషన్లు ఎందుకు పెట్టారు? ఈ ప్రశ్నను ప్రస్తుతానికి పక్కన పెడదాం. మీ 27,180 అంతా అక్కడే పుట్టింది.

రెండో వరుసలో కాన్స్ట్ అని చెప్పి విలువ ఇవ్వలేదు. కాన్స్ట్ అంటే ‘ఈ పేరుకు ఇచ్చిన విలువను మళ్లీ మార్చను’ అన్న మాట. ఇప్పుడు ఇవ్వకపోతే ఇంకెప్పుడూ ఇవ్వలేరు, అందుకే ఖాళీగా వదలనివ్వదు. మీరు దాన్ని దిద్దడానికి సున్నా పెట్టారు. దానితో వ్యాకరణం కుదిరింది, చదువు ముందుకు సాగింది. కానీ ఏడో వరుసకు వచ్చేసరికి అదే మొత్తానికి కొత్త విలువ ఇవ్వబోయారు. అప్పుడు వచ్చింది టైప్ ఎర్రర్: స్థిరమైనదాన్ని మారుస్తున్నారని. గమనించారా, ఇది సింటాక్స్ ఎర్రర్ కాదు. అప్పటికి ప్రోగ్రామ్ నడుస్తోంది. మొత్తాన్ని లెక్క కట్టే చోటే కాన్స్ట్ అని ప్రకటిస్తే ఈ గొడవే లేదు.

‘కాన్స్ట్ వాడాలా, లెట్ వాడాలా’ అని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. ముందు కాన్స్ట్ రాయండి. తర్వాత నిజంగానే మార్చాల్సి వస్తే దాన్ని లెట్ చేయండి. కాన్స్ట్ పెట్టిన జాబితాలో కొత్త వస్తువు చేర్చవచ్చు, అది తప్పు కాదు. పేరు ఇంకో జాబితా వైపు తిరగకూడదన్నదే నియమం. ఇంట్లో సామాన్లు మార్చుకోవచ్చు, ఆ డోరు నంబరు ఇంకో ఇంటికి తగిలించకూడదు.

మూడు, నాలుగు వరుసల్లో పేరు అంకెతో మొదలైంది. అంకె కనిపించగానే జావాస్క్రిప్ట్ సంఖ్య చదవడం మొదలుపెడుతుంది. సంఖ్యకు అతుక్కుని అక్షరం వచ్చేసరికి అయోమయంలో పడుతుంది. పేరు అక్షరంతో గానీ, అండర్‌స్కోర్‌తో గానీ, డాలర్ గుర్తుతో గానీ మొదలవ్వాలి. అంకెలు తర్వాత ఎక్కడైనా రావచ్చు. పూట1, పూట2 అంటే సరిపోయేది. ఉదయం, సాయంత్రం అంటే ఇంకా బాగుంటుంది.

అయిదో వరుసలో నెల-లీటర్లు. మధ్యలో ఉన్నది మీకు అడ్డగీత, దానికి తీసివేత గుర్తు. ‘నెల నుంచి లీటర్లు తీసేయి’ అని చదువుకుంటుంది. వెబ్ పేజీల రూపం దిద్దే సీఎస్‌ఎస్ ముందు నేర్చుకున్నవారికి ఈ అలవాటు ఎక్కువగా ఉంటుంది, అక్కడ ఒకటికి మించి మాటలున్న పేర్లను అడ్డగీతతో కలుపుతారు. ఇక్కడ రెండు మాటలను కలిపి రాయాలి, లేదా మధ్యలో అండర్‌స్కోర్ పెట్టాలి. ఇంగ్లీషు పేర్లయితే రెండో మాట మొదటి అక్షరాన్ని క్యాపిటల్ చేయడం ఆనవాయితీ. పేరులో ఖాళీ స్థలం పనికిరాదని వేరే చెప్పాలా! క్లాస్, న్యూ, రిటర్న్ లాంటి భాష సొంత పదాలనూ పేర్లుగా పెట్టకూడదు.

ఆరో వరుస దగ్గర నిదానంగా వెళ్దాం. ధర పెరిగింది కాబట్టి ధరను మార్చాలనుకున్నారు, ముందు మళ్లీ లెట్ రాశారు. లెట్ అంటే బిడ్డకు బారసాల చేయడం. బారసాల ఒక్కసారే జరుగుతుంది, ఆ తర్వాత పేరు పెట్టి పిలవడమే. ధర అనే పేరు మొదటి వరుసలోనే పెట్టేశారు. ఇక్కడ కేవలం

ధర = ధర + 4;

అని రాస్తే చాలు. మళ్లీ లెట్ అంటే ‘ఈ పేరు ఇప్పటికే ప్రకటించారు’ అని సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. కొందరు దీన్ని తప్పించుకోవడానికి ఆ వరుస చుట్టూ మీసాల బ్రాకెట్లు పెడతారు. అప్పుడు ఇంకో వింత తప్పు వస్తుంది: ధర విలువ సిద్ధం కాకముందే దాన్ని అడుగుతున్నారని. బ్రాకెట్ల లోపల లెట్ రాయగానే లోపల కొత్త ధర పుడుతుంది, బయటి ధర కనబడకుండా పోతుంది. సమాన గుర్తుకు కుడి పక్కనున్న ధర కూడా లోపలి ధరే. దానికింకా విలువ లేదు. పుట్టని పిల్లవాడిని పిలిచి పని చెప్పినట్టు.

సమాన గుర్తు గురించి కూడా ఒక మాట. గణితంలో ధర = ధర + 4 అనేది అసాధ్యం. ఇక్కడ ఆ గుర్తుకు సమానం అని అర్థం కాదు. కుడి పక్క లెక్క కట్టి, వచ్చినదాన్ని ఎడమ పక్క పేరుకు ఇవ్వడం. అందుకే ఎడమ పక్క ఎప్పుడూ విలువను నిలపగల చోటే ఉండాలి, 60 = ధర అని తిప్పి రాయకూడదు. పోల్చడానికి మూడు సమాన గుర్తులు వాడండి. షరతు పెట్టే ఇఫ్ బ్రాకెట్లలో ఒక్క గుర్తు పెట్టి మార్కులు = 35 అని రాస్తే అది పోల్చదు, అందరికీ 35 మార్కులు వేసేస్తుంది. సున్నా తెచ్చుకున్నవాడు కూడా పాసైపోతాడు.

ఇప్పుడు మీ మిత్రుడి సలహాకు వద్దాం. అన్నీ వార్ చేస్తే ఎర్ర అక్షరాలు పోయిన మాట నిజమే. వార్‌కు విలువ ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఒకే పేరును పదిసార్లు ప్రకటించినా ఫరవాలేదు. అదే దానితో చిక్కు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అరుస్తున్న వాళ్ల నోరు మూసినంత మాత్రాన పొంగు ఆగదు.

వార్ ఇంత ఉదారంగా ఎందుకుందో తెలుసుకుంటే దానిమీద కోపం తగ్గుతుంది. జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో పది రోజుల్లో తయారు చేశారు. వెబ్ పేజీలకు చిన్న చిన్న మెరుగులు దిద్దుకునేవారి కోసం ఉద్దేశించిన భాష అది. అప్పటి వెసులుబాట్లను తర్వాత తీసేద్దామంటే వాటిమీద ఆధారపడిన పేజీలు ప్రపంచమంతా పాడైపోతాయి. అందుకని పాతదాన్ని తీసేయకుండా 2015లో లెట్, కాన్స్ట్ అనే కట్టుదిట్టమైన పదాలను కొత్తగా చేర్చారు. వార్ పాత పేజీల కోసం మిగిలింది. కొత్తగా నేర్చుకునేవారు దాన్ని చదవగలిగితే చాలు, రాయనక్కర్లేదు.

అరిచే తప్పులన్నీ అణిగిపోయాక అరవని తప్పు ఒకటి మిగిలింది. మొదటి వరుసలో 60 చుట్టూ కొటేషన్లు ఉన్నాయి కదా. కొటేషన్లలో ఉన్నది సంఖ్య కాదు, రాత. ఆరు, సున్నా అనే రెండు అక్షరాలు. కూడిక గుర్తుకు ఒక పక్క రాత ఉంటే జావాస్క్రిప్ట్ కూడదు, అతికిస్తుంది. 60 పక్కన 4 అతికిస్తే 604. ఆ తర్వాత వరుసలో గుణకారం. గుణకారానికి రాతతో పనిలేదు కాబట్టి అది 604ను సంఖ్యగా మార్చేసుకుని 45తో గుణించింది. 27,180. ఎక్కడా ఒక్క హెచ్చరిక లేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

కూడిక ఒక్కటే ఇలా చేస్తుంది. తీసివేత, గుణకారం, భాగహారం రాతను సంఖ్యగా మార్చడానికే చూస్తాయి. అందుకే ధర పెరగని నెలలో మీ ప్రోగ్రామ్ 2,700 అని సరైన జవాబే ఇచ్చి ఉండేది, మీరు నమ్మేసేవారు. ప్రోగ్రామ్‌లో నాకు భయం ఇలాంటివాటి గురించే. ఎర్ర అక్షరాల గురించి కాదు.

ఇలాంటప్పుడు ఏం చేయాలంటే, చివరి జవాబును మాత్రమే కాకుండా దారి మధ్యలో ఉన్న విలువలను కూడా కన్సోల్.లాగ్ చేసి చూడాలి. ఆరో వరుస తర్వాత ధరను చూసి ఉంటే 604 కనబడేది, రహస్యం అక్కడే తేలిపోయేది. క్రోమ్ కన్సోల్‌లో సంఖ్య రంగులో కనిపిస్తుంది, రాత మామూలు అక్షరాల్లో కనిపిస్తుంది. అనుమానం ఉంటే టైప్ఆఫ్ ధర అని అడగండి, సంఖ్యా రాతా అన్నది అదే చెబుతుంది. రేపు మీరు వెబ్ పేజీలో పెట్టె పెట్టి ధర అడిగినప్పుడు ఇది మళ్లీ ఎదురవుతుంది. పెట్టెలో 60 అని టైపు చేసినా దాని విలువ ప్రోగ్రామ్ చేతికి వచ్చేది రాతగానే. నంబర్ అనే ఫంక్షన్‌తో మార్చుకున్నాకే కూడాలి.

సంఖ్యల మాట వచ్చింది కాబట్టి, మన అలవాట్ల వల్ల వచ్చే రెండు తప్పులు చెబుతాను. 

ఒకటి కామా. లక్షా యాభై వేలను మనం 1,50,000 అని రాస్తాం. లెట్ జీతం = 1,50,000 అని రాస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది, అది మన అదృష్టం. లెట్ లేకుండా జీతం = 1,50,000 అని రాశారనుకోండి, తప్పేమీ రాదు. జీతం ఒక్క రూపాయి అవుతుంది! కామా దగ్గర వాక్యం విడిపోయి, మిగిలిన అంకెలు గాలికి పోతాయి. కామాలు లేకుండా రాయండి. కంటికి ఇబ్బందిగా ఉంటే 1_50_000 అని అండర్‌స్కోర్లు పెట్టుకోవచ్చు. 2021 నుంచి ఇది భాషలో భాగం, లక్షల లెక్కలో విడగొట్టినా అభ్యంతరం లేదు.

రెండోది ముందున్న సున్నా. హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 040. దాన్ని కొటేషన్లు లేకుండా సంఖ్యగా ఇస్తే విలువ 32 అవుతుంది. సున్నాతో మొదలై అన్నీ సున్నా నుంచి ఏడు వరకు ఉన్న అంకెలే ఉంటే జావాస్క్రిప్ట్ దాన్ని ఎనిమిది ఆధారంగా ఉండే పాత పద్ధతి సంఖ్య అనుకుంటుంది. అక్కడ 40 అంటే నాలుగు ఎనిమిదులు. విజయవాడ కోడ్ 0866 ఇస్తే మాత్రం 866 అవుతుంది, ఎందుకంటే దానిలో ఎనిమిది అనే అంకె ఉంది కాబట్టి అది ఆ పద్ధతి సంఖ్య కాలేదు. విశాఖ 0891కీ అంతే. అంటే విజయవాడలో, విశాఖలో పరీక్షించిన ప్రోగ్రామ్‌కు సున్నా ఒక్కటే పోతుంది, హైదరాబాద్‌కు రాగానే నంబరే మారిపోతుంది. ఫోను నంబరు, కోడ్, ఆధార్ నంబరు లాంటివి చూడటానికి అంకెలే అయినా వాటిని మనం కూడం, గుణించం. అవి రాతలు, వాటికి కొటేషన్లు పెట్టాలి. లెక్క కట్టే 60కి పెట్టకూడదు. మీరు అడగని నియమం ఇది, కానీ మీ ప్రశ్నకు అసలు జవాబు ఇదే.

ఈ 040, ఈ ఒక్క రూపాయి జీతం లాంటివాటిని నిశ్శబ్దంగా పోనివ్వకుండా ఉండాలంటే ఫైలు మొట్టమొదటి వరుసలో కొటేషన్ల మధ్య యూజ్ స్ట్రిక్ట్ అని పెట్టండి. ఇది 2009 నాటి ప్రమాణంలో వచ్చింది. ఇంగ్లీషులో చిన్నక్షరాలు, రెండు మాటల మధ్య ఒక ఖాళీ. అప్పుడు 040 అని రాస్తే తప్పు చూపిస్తుంది. ప్రకటించని పేరుకు విలువ ఇస్తే కూడా తప్పు చూపిస్తుంది. లేకపోతే మొత్తం అనబోయి మొతం అని టైపు చేసినా, సరే అని కొత్త వేరియబుల్ పుట్టించేసి, అసలు మొత్తాన్ని సున్నా దగ్గరే వదిలేస్తుంది.

తెలుగు పేర్లలో చిక్కుందన్నాను కదా. తెలుగు టైపింగులో పొల్లు అక్షరం తర్వాతి అక్షరంతో కలవకుండా ఆపడానికి కంటికి కనబడని ఒక గుర్తు వాడతాం. కొన్ని కీబోర్డులు దాన్ని మాట చివర కూడా వదిలేస్తాయి. జావాస్క్రిప్ట్ ఆ గుర్తును పేరులో భాగంగానే లెక్కిస్తుంది. ఒకచోట ఆ గుర్తుతో, ఇంకోచోట అది లేకుండా మొత్తం అని రాస్తే మీ కంటికి రెండూ ఒకటే, దానికి రెండు వేర్వేరు పేర్లు. ‘మొత్తం ప్రకటించలేదు’ అని అది అంటుంది, పై వరుసలోనే ప్రకటించానని మీరంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఇంకొకటి, తెలుగు అంకెలు పేరు మధ్యలో రావచ్చు కానీ విలువగా పనికిరావు. ౬౦ అని రాస్తే దానికి సంఖ్య కాదు. వేరియబుల్ అంటే ఏమిటో తలకెక్కడానికి తెలుగు పేర్లతో నేర్చుకోవడం మంచిదే, ధర అన్న మాట వేరే భాష మాటకంటే త్వరగా మనసుకు పడుతుంది. నలుగురితో కలిసి రాసే కోడ్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి.

ఇంకో చిన్న సంగతి. క్రోమ్ కన్సోల్‌లో నేరుగా టైపు చేసి చూసేటప్పుడు ఒకే పేరును లెట్‌తో రెండుసార్లు ప్రకటించినా ఒప్పుకుంటుంది, ప్రయోగాలు చేసుకునేవారి సౌకర్యం కోసం. ఫైలులో ఒప్పుకోదు. ‘కన్సోల్‌లో పనిచేసింది, ఫైలులో పనిచేయడం లేదు’ అనే ఫిర్యాదులు కొన్ని ఇక్కడ పుడతాయి. అలాగే బ్రౌజర్‌లో పైస్థాయిలో, అంటే ఏ బ్రాకెట్ల లోపలా లేకుండా, లెట్ టాప్ = 1 అంటే ‘ఈ పేరు ఇప్పటికే ఉంది’ అంటుంది. మీరు పెట్టలేదు, బ్రౌజరే తన కిటికీకి ఆ పేరు పెట్టుకుంది. ఇలాంటివి ఎదురైతే కంగారు పడకుండా పేరు మార్చేయండి.

దిద్దాక మీ ప్రోగ్రామ్ ఇలా ఉంటుంది:

"యూజ్ స్ట్రిక్ట్";
కాన్స్ట్ ఉదయం = 1;
కాన్స్ట్ సాయంత్రం = 0.5;
కాన్స్ట్ నెలలీటర్లు = (ఉదయం + సాయంత్రం) * 30;
లెట్ ధర = 60;
ధర = ధర + 4;
కాన్స్ట్ మొత్తం = ధర * నెలలీటర్లు;
కన్సోల్.లాగ్(మొత్తం);

దీన్ని ఇక్కడి నుంచి అతికించకండి. ఎడిటర్‌లో ఒక్కో అక్షరం మీరే టైపు చేయండి. టైపు చేస్తుంటే కొత్తగా రెండు తప్పులు వస్తాయి, రానివ్వండి. 45 అని నేరుగా రాయకుండా లెక్కగా రాశాను చూడండి, ఫిబ్రవరిలో 30ని 28 చేస్తే చాలు.

నడిపితే 2880 వస్తుంది. ఎర్ర అక్షరాలు లేవు, రాతలు అతుక్కోలేదు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా జవాబు తప్పే. ధర పెరిగింది 16వ తేదీ నుంచి అని మీరే రాశారు. ఈ ప్రోగ్రామ్ ఒకటో తేదీ పాలకు కూడా 64 రూపాయలు వేస్తోంది. ధరను మార్చడం కాదు, పాతధర, కొత్తధర అని రెండు కాన్స్ట్‌లు, వాటికి చెరో పదిహేను రోజులు కావాలి. అంటే లెట్ అవసరమే లేదన్నమాట. ఆ మూడు నాలుగు వరుసలు మీరు రాయండి. చేత్తో లెక్క కడితే నాకు 2,790 వచ్చింది. మీకూ అదే వస్తే, పాలామెకు ఎక్కువ ఇవ్వబోయిన 90 రూపాయలు మిగిలినట్టే.